తోడుపట్టీ

కుండ మీద పరిచిన పూతరేకు సగంలోనే చినిగిపోయింది.

సత్యవేణి తెల్లబోయి చూసింది. పిండి జారుగానే ఉంది. కుండ కింద కొబ్బరాకుల మంట హెచ్చలేదు, తగ్గలేదు. పల్చటి గుడ్డని పిండిలో ముంచి, బోర్లించిన కుండ వీపు మీద ఎప్పటిలాగే ఒక్క లాగుడు లాగింది. అయినా చినిగిందంటే తన చెయ్యి వణికిందన్నమాట. చెయ్యి వణికిందంటే, అక్కడ బళ్ళో కూతురు ఇందూకి ఏదో ముడి పడిందన్నమాట.

నుదుటి చుట్టూ ఉన్న మెత్తటి పట్టీని వేలితో తడుముకుంది. గుండెలో బిగిసినట్టున్నది కాసేపు అలాగే ఉండి, మెల్లగా వదులైంది.

"ఏమే, పొద్దున్నుంచీ అన్నీ చినుగులేనా?" పక్క కుండ దగ్గర్నుంచి సూర్యకుమారి కేకేసింది. "ఆ పీలికలన్నీ పోగు చేస్తే మీ ఆయనకి లుంగీ అవుద్ది."

"ఇందూకి లెక్కల పీరియడ్ అక్కా."

"తలకి ఆ బాసికం కట్టుకుని కూర్చున్నావు. వీరబాబుని కూడా పిలు, మళ్ళీ పీటల మీద కూర్చోబెట్టేస్తాం."

పూతరేకుల షెడ్డులో ఆడవాళ్ళంతా నవ్వారు. సత్యవేణి కూడా నవ్వింది, నోటితో మాత్రం.

ఆ బాసికం పేరు తోడుపట్టీ. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల వాళ్ళు తయారుచేశారు. పట్టీలు రెండూ జంట. ఒకటి పిల్ల నుదుటికి, ఇంకొకటి తోడుకి. మాటలు వెళ్ళవు, ఆలోచనలు వెళ్ళవు. పాఠం అర్థం కాక పిల్ల మనసులో ముడి పడితే, ఆ బిగువు తోడుకి తెలుస్తుంది. అదే సమయానికి తోడు కూడా ఆ పాఠమే చదివి అర్థం చేసుకుంటే, ఆ తేలికదనం పిల్లకి అందుతుంది. అర్థం చేసుకోవలసింది మాత్రం పిల్లే.

"చీకటిగదిలో స్విచ్చి ఎక్కడుందో మా పట్టీ చెప్పదండీ సత్యవేణిగారూ," అంది ఆ ప్రయోగశాల డాక్టర్ రోహిణి మొదటిరోజున, నోట్లో పూతరేకు కరిగించుకుంటూ. "స్విచ్చి ఉందని మాత్రం చెప్తుంది. అది తెలిస్తే పిల్లలు వెతకడం మానరు."

ఇందుమతికి తొమ్మిదేళ్ళు. నడక ఆలస్యం, మాట ఆలస్యం. బుద్ధి ఎదుగుదల నెమ్మది అని కాకినాడ డాక్టరు చెప్పాడు. అందరి పిల్లలతో పాటే, అదే గదిలో, అదే బల్ల మీద కూర్చోబెట్టి చదివించమనీ చెప్పాడు. చదువు నెమ్మదే గానీ, ఇందూ పలకరింపు మటుకు మహా చురుకు. దారిలో ఎవరు కనబడ్డా "ఇయ్యాల మీ ఇంట్లో ఏం కూర?" అని అడుగుతుంది. జవాబు చెప్పకుండా ముందుకు నడవనివ్వదు. పోస్టుమాన్ అయినా సరే, ఎమ్మార్వో అయినా సరే.

నాలుగో తరగతికి వచ్చేసరికి పాఠాలు ఆమెని దాటి పరుగెత్తడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే రోహిణి ఈ ప్రయోగానికి పిల్లలని వెతుక్కుంటూ వచ్చింది. తోడుగా పక్కబల్ల పిల్లల్లో ఒకరిని పంపమని అడిగితే తల్లిదండ్రులెవరూ ఒప్పుకోలేదు. "మా పిల్ల తలకి మిషన్లేంటండీ?" అని అందరికంటే గట్టిగా అన్నది సూర్యకుమారే. ఆమె కూతురు మహితది అదే తరగతి.

"పోనీ, తల్లే తోడుగా ఉండొచ్చు," అంది రోహిణి. "బిడ్డని అందరికంటే బాగా ఎరిగినవాళ్ళే మంచి తోడని మా లెక్క. పట్టీలు ఎంత దూరంలో ఉన్నా పనిచేస్తాయి. కానీ లెక్కల పీరియడ్‌లో మాత్రమే పెట్టుకోవాలండీ. బెల్లు కొట్టగానే తీసెయ్యాలి."

సత్యవేణి తలూపింది. ఆమె చదువు ఎనిమిదిలోనే ఆగిపోయింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలన్నారు, బడి మానేసింది. ఆ వారమే ఆమె బల్ల మీద ఇంకెవరో కూర్చున్నారు. బల్ల ఖాళీ అవడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. ఇందూ బల్ల ఖాళీ అవకూడదు. అంతే, ఆమెకింకేం అక్కర్లేదు.

మొదట్లో బ్రహ్మాండంగా సాగింది. షెడ్డులో కుండ పక్కనే నాలుగో తరగతి లెక్కల పుస్తకం పెట్టుకుని, పిండి చేత్తో పేజీ తిప్పుకుంటూ, సత్యవేణి తీసివేతలు మళ్ళీ నేర్చుకుంది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఆమెకి అర్థమైన రోజున, ఇందూకి కూడా అర్థమైంది. సాయంత్రం ఇందూ పరుగెత్తుకొచ్చి, "అమ్మా, పక్కింటికెళ్ళి పది తెచ్చుకోవాలంట!" అని అరిచింది.

ట్రాలీ ఆటోలో పూతరేకుల పెట్టెలు రావులపాలెం దుకాణాలకి తోలే వీరబాబు, భార్యాబిడ్డల మధ్య కూర్చుని, "ఆయ్, మన ఇంట్లో ఇద్దరు కలెక్టర్లన్నమాట. మరి నాకు డ్రైవరు ఉద్యోగం ఇప్పించండి," అన్నాడు.

తర్వాత ఒకరోజు, లెక్కల పీరియడ్ చివర్లో, సత్యవేణికి ముల్లు గుచ్చినట్టయింది. అది ముడి కాదు. ముడి అయితే మెల్లగా బిగుస్తుంది. ఇది చురుక్కుమంది. సాయంత్రం అడిగితే ఇందూ మామూలుగానే చెప్పింది, ఎవరో "మొద్దు" అన్నారని.

"నువ్వేమన్నావే?"

"మీ ఇంట్లో ఏం కూర అన్నాను."

ఇందూ ఆ మాట మరిచిపోయి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. సత్యవేణి మరిచిపోలేకపోయింది. మర్నాటి నుంచి తన పట్టీ తియ్యలేదు, ఇందూని కూడా తియ్యొద్దంది. పిల్ల బడికి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటే, పిల్ల ఇల్లు చేరిందాకా నుదుటి మీదే. ఎవరైనా ఏమన్నా అంటే తనకి తెలియాలి. తెలిసి ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. తెలియాలి, అంతే.

అప్పటినుంచే ఇందూ మారిపోయింది.

*

"ఏమ్మా సత్యవేణీ, కూర్చో," అంది సుభద్ర టీచరు. ఆ బడికి ఆవిడే హెడ్‌మిస్ట్రెస్, నాలుగో తరగతికి పాఠం చెప్పేదీ ఆవిడే. "మీ అమ్మాయి ఈమధ్య క్లాసులో నిలవట్లేదు. ఉన్నట్టుండి వణికిపోతుంది. లేచి గేటు వైపు పరుగు. నేను చాక్‌పీసు పారేసి వెంట పడాలి. నా వయసుకి ఇది పరుగుపందెం అవుతోంది."

సత్యవేణి చీరకొంగు వేలికి చుట్టుకుంది. "ఎవరన్నా ఏమన్నా అంటున్నారేమోనండీ."

"అనట్లేదు. నేను కనిపెట్టి చూస్తున్నాను. ఊరికే, కారణం లేకుండా భయపడుతోంది." టీచరు గొంతు తగ్గించింది. "బడి కమిటీ వాళ్ళ మాట చెప్తున్నాను, మనసు కష్టపెట్టుకోకు. రోడ్డు మీద పిల్లకేమైనా అయితే ఎవరు పూచీ అంటున్నారు. సంక్రాంతి సెలవుల ముందు వాళ్ళొచ్చి క్లాసులో కూర్చుంటారు. అప్పటికి నిలకడగా కూర్చోలేకపోతే రాజమండ్రిలో ప్రత్యేక కేంద్రంలో వెయ్యమంటారు. హాస్టలు కూడా ఉందిట."

"హాస్టలా! దానికి జడ వేసుకోవడం రాదండీ."

"నాకు మాత్రం పంపాలని ఉందా? అది రాకపోతే నన్నెవరు అడుగుతారే, ఏం కూరని?"

మర్నాటి నుంచి సత్యవేణి పట్టీని ఇంకాస్త బిగించి కట్టుకుంది. షెడ్డులో కూర్చుని గేటు, రోడ్డు, లారీలు, హాస్టలు, వరసగా అన్నీ ఊహించుకునేది. ఊహించుకున్నకొద్దీ రేకులు చినిగేవి. ఆమె భయపడిన కాసేపటికి అటునుంచి ఇందూ బిగువు వచ్చి తగిలేది. అది తగలగానే ఈమె ఇంకా హడలిపోయేది.

ఒకరోజు పొద్దున్న కుండ పగిలింది.

పూతరేకుల కుండలు అప్పుడప్పుడు పగులుతూనే ఉంటాయి. కానీ ఇది టపాకాయలా పేలింది. పెంకు ఎగిరి సత్యవేణి చెవి పక్కనుంచి పోయింది. నిప్పులు చెదిరి గోనెసంచి అంటుకుంది. ఆమె వెనక్కి పడిపోయి కెవ్వుమంది. సూర్యకుమారి పిండిబిందె ఎత్తి నిప్పుల మీద కుమ్మరించింది.

"పిండంతా పోయిందక్కా," అంది సత్యవేణి, ఊపిరి అందాక.

"నువ్వు పోలేదు, అది చాలు. అట్టు వేసుకుందాం లే."

ఎవరెవరికి ఎక్కడెక్కడ పిండి అంటుకుందో చూసుకుని నవ్వుకుంటూ ఉండగానే, షెడ్డు గుమ్మంలో ఇందూ ప్రత్యక్షమైంది. జడ విడిపోయి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. చాలా దూరం వెనకాల సుభద్ర టీచరు, ఒక చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ వస్తోంది.

ఇందూ తిన్నగా వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుని, రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుంది.

"భయం లేదమ్మా. నేనొచ్చేశాను."

"భయమేసిందా తల్లీ? బళ్ళో ఎవరేమన్నారు?"

ఇందూ అడ్డంగా తలూపింది. ఎలా చెప్పాలో వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిపింది. తర్వాత తల్లి గుండె మీద వేలు పెట్టింది. "నాకు కాదు. నీకు భయం. రోజూ నీకే భయం. నీ దగ్గరికి వద్దామంటే టీచరు గేటు వేసేస్తంది."

అప్పుడే లోపలికి అడుగుపెట్టిన సుభద్ర టీచరు తడిసిన నేల మీద అలాగే చతికిలబడింది.

ఇన్నాళ్ళూ పిల్ల బడి చూసి పారిపోలేదు. భయపడుతున్న అమ్మని ఓదార్చడానికి బయల్దేరేది.

*

రోహిణి మర్నాడే వచ్చింది. బళ్ళో పాత ఆటసామాన్ల గదే ఆవిడ ప్రయోగశాల. గాలి పోయిన ఫుట్‌బాళ్ళ మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని, సత్యవేణి చెప్పిందంతా విని, నుదురు కొట్టుకుంది.

"రోజంతా పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నానండీ. తప్పు నాదే."

"మీది సగమేనండీ. అర్థమైన హాయి వెళ్ళే దారిలో దిగులు కూడా వెళుతుందని మాకు తట్టాలి కదా! ఇంతమంది చదువుకున్నవాళ్ళం ఏం చేస్తున్నట్టు?" అంది రోహిణి. అంతలోనే ఆవిడ కళ్ళు మెరిశాయి. "అయితే మీ ఒక్కరి మాట మీద రాసెయ్యలేను. పరీక్షించి చూడాలి. మిమ్మల్ని మళ్ళీ భయపెట్టడం నాకిష్టం లేదు. ఇంకేదైనా..."

"నవ్విస్తే సరిపోద్దాండీ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ వీరబాబు.

ఇద్దరికీ పట్టీలు కట్టి, ఇందూని సుభద్ర టీచరుతో క్లాసులో కూర్చోబెట్టారు. సత్యవేణిని ఆటసామాన్ల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టారు. రెండు తలుపులూ మూశారు. వీరబాబు గొంతు సవరించుకుని ఒక జోకు చెప్పాడు. సత్యవేణి నవ్వలేదు. ఇంకోటి చెప్పాడు. అది పెళ్ళైన కొత్తలో చెప్పిందే.

"కష్టమేనండీ, ఇది మనసారా నవ్వి చాన్నాళ్ళయింది," అన్నాడు రోహిణితో, ఒక్క క్షణం నిజంగానే దిగులుగా. తర్వాత ఏమనుకున్నాడో, లుంగీ కుచ్చెళ్ళలా ఎత్తిపట్టుకుని, లేని కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, ఇందూ వెంట పడ్డ సుభద్ర టీచరులా రొప్పుతూ ఫుట్‌బాళ్ళ చుట్టూ పరుగు లంకించుకున్నాడు. "ఆగవే! ఆగు! నా చాక్‌పీసే! నా మోకాలే!"

సత్యవేణికి ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, తర్వాత కడుపులోంచి. స్టూలు మీదనుంచి జారిపోయేంతగా నవ్వింది. గోడ అవతల, నిశ్శబ్దంగా ఎక్కాలు రాసుకుంటున్న తరగతిలో, ఇందూ గొంతు ఒక్కటే కిలకిలా మోగింది.

తలుపు తెరుచుకుని సుభద్ర టీచరు తల లోపల పెట్టింది. "ఇదిగో, ఇందూ ఊరికే నవ్వుతోంది. ఏం చేశారేంటి?"

వీరబాబు లుంగీ కిందికి వదిలేశాడు. "సైన్సండీ," అన్నాడు.

రోహిణి కూడా చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, అసలు సంగతికి వచ్చింది. "బాగా ప్రేమించేవాళ్ళే మంచి తోడని రాసుకున్నాం. అది కొట్టెయ్యాలి. అదే గదిలో, అదే పాఠంతో కుస్తీ పడుతున్నవాళ్ళు కావాలి. సత్యవేణిగారూ, మీ పట్టీ తీసెయ్యాలండీ. పక్కబల్ల పిల్లకి ఇవ్వాలి."

సత్యవేణి చెయ్యి పట్టీ మీదికి వెళ్ళి ఆగిపోయింది. తీసేస్తే పిల్లనెవరైనా ఏమన్నా తనకి తెలియదు. పిల్ల ఏడ్చినా తెలియదు. నాలుగు గంటల దాకా ఏమీ తెలియదు. గుండె దడదడలాడింది. వెంటనే ఆ దడ ఎక్కడికి వెళుతుందో గుర్తొచ్చింది. పట్టీ ఒక్క లాగు లాగి రోహిణి చేతిలో పెట్టేసింది.

*

ఇవ్వడానికి పిల్లలెవరున్నారు? ఎవరి తల్లిదండ్రులూ ఒప్పుకోలేదు కదా. కమిటీ రావడానికి ఇంక ఎన్నో రోజులు లేవు.

ఆ సాయంత్రం సూర్యకుమారి కూతురు మహిత షెడ్డుకి వచ్చి, పీలికల గిన్నెలోంచి గుప్పెడు రేకుముక్కలు నోట్లో వేసుకుని, "పిన్నీ, ఆ పట్టీ నేను పెట్టుకుంటాను," అంది.

"నోరు ముయ్యి," అంది సూర్యకుమారి కుండ దగ్గర్నుంచి. తర్వాత సత్యవేణి వైపు తిరిగింది. "నువ్వేమీ అనుకోకే. ఇందూ అంటే నాకూ ముద్దే. కానీ మా పిల్ల ఫస్టు వస్తది. దీని బుర్ర కూడా నెమ్మదైపోతే?"

సత్యవేణికి కోపం రాలేదు. ఆ భయం ఆమెకి బాగా తెలిసిన భయమే. మొన్నటిదాకా నుదుటికి కట్టుకుని తిరిగింది.

"నేనూ నీలాగే అనుకునేదాన్నక్కా, నేను గట్టిగా పట్టుకుంటే పిల్లకేమీ కాదని," అంది. "చూశావుగా ఏమైందో. నీ పిల్ల నీ ఇష్టం. నేను బలవంతపెట్టను."

మహిత రేకులు నమలడం ఆపేసింది. "అమ్మా, నీకో మాట చెప్తాను, కొట్టనంటే."

"ముందు చెప్పు. కొట్టాలో వద్దో చూస్తాను."

"నాకు భాగారాలు రావు. అర్థమైందా అంటే అందరికంటే ముందు నేనే చెయ్యెత్తుతాను. ఫస్టొచ్చే పిల్ల మళ్ళీ చెప్పమంటే నవ్వుతారని. పరీక్షలో పక్కబల్ల వైపు చూసేస్తున్నాను. ఇందూకైతే సిగ్గు లేదు. దానికి అర్థం కాకపోతే కాలేదనే చెప్పుద్ది. అప్పుడు టీచరు మళ్ళీ చెప్తారు. ఆ రెండోసారి చెప్పినప్పుడే నాకూ వస్తది. ఈ నెలంతా అది పారిపోతా ఉంటే నాకేం రాలేదు."

సూర్యకుమారి చేతిలో గుడ్డ పిండిలోనే ఉండిపోయింది. "ఫస్టంట ఫస్టు! ఊరంతా చెప్పుకున్నాను కదే, దొంగమొహమా!" అని కూతురి వీపు మీద ఒక్కటి వేసింది. దెబ్బ తగల్లేదు, పిండి మాత్రం అయిదువేళ్ళూ అంటుకుంది. "రేపు ఆ మేడంగారొస్తే కట్టించుకో. లెక్కల పీరియడ్‌కే సుమా! బెల్లు కొట్టాక కూడా ఉంచుకున్నావో, నీ పని చెప్తాను."

*

పట్టీ లేకుండా మొదటి రోజులు సత్యవేణికి చాలా కష్టంగా గడిచాయి. రేకులు చినగడం మానేశాయి. ఆమెకది కూడా దిగులే అయింది. చినిగితే కనీసం ఏదో తెలిసేది. ఒకరోజు ఉండబట్టలేక బడి ప్రహరీ మీదనుంచి తొంగిచూస్తే సుభద్ర టీచరు కిటికీలోంచి వేలు చూపించింది. "వెళ్ళు! ఇంకో పరుగుపందెం నావల్ల కాదు!"

కమిటీ వాళ్ళు వచ్చిన పొద్దున్న, పిల్ల జడ ఎన్నిసార్లు విప్పి వేసిందో ఆమెకే గుర్తులేదు. తల్లిదండ్రులని వరండాలో కూర్చోనిచ్చారు. లోపల ఇందూ నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. ఒక కమిటీ పెద్దాయన "ఏమ్మా, ఏం నేర్చుకున్నావు?" అని అడిగాడు.

"మీ ఇంట్లో ఏం కూర?"

ఆయన తడబడి, "వంకాయ," అన్నాడు.

"మాక్కూడా," అని ఇందూ సంతోషించి లెక్క మొదలెట్టింది. నలభై రెండులోంచి పదిహేడు తియ్యాలి. రెండులోంచి ఏడు పోదు. చాక్‌పీసు గాలిలో ఆగిపోయింది. వరండాలో సత్యవేణి వీరబాబు చెయ్యి నొక్కిపట్టింది. ఇప్పుడు పిల్ల గుండెలో ఏముందో ఆమెకి తెలియదు.

మూడో వరసలో పట్టీ కట్టుకుని కూర్చున్న మహిత బిగుసుకుపోయి, చెయ్యెత్తింది. "టీచర్, ఇంకోసారి చెప్పండి. నాకూ తెలియాలి."

వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది. "నాకు కూడా టీచర్." ఆ తర్వాత ఇంకోటి. సుభద్ర టీచరు ఆశ్చర్యంగా తరగతినంతా చూసింది. ఇన్నాళ్ళూ అందరూ అర్థమైందని తలూపినవాళ్ళే. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి చింతపిక్కలు పోసి. ఇందూ "పక్కింటికెళ్ళి పది" అని గొణుక్కుంటూ రాసింది. ముందు ముప్పై అయిదు వేసింది. మహిత నోరు తెరవలేదు, కళ్ళు గట్టిగా మూసుకుని తన పలక మీద తను చేసుకుంది. ఇందూ చెరిపేసి, ఇరవై అయిదు వేసింది. చాక్‌పీసు కింద పెట్టి, చేతులు దులుపుకుని, వెళ్ళి తన బల్ల మీద కూర్చుంది. బెల్లు కొట్టేదాకా అక్కడే కూర్చుంది.

పెద్దాయన వరండాలోకి వచ్చి వీరబాబుతో, "జూన్‌లో అయిదో తరగతికి ఇక్కడికే పంపండి," అన్నాడు. "అవునూ, ఆ రెండో అమ్మాయికి కూడా ఏదైనా ఇబ్బందా?"

"ఎవరికండీ?" అంది సూర్యకుమారి వెనకనుంచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "మా అమ్మాయికా? దానికి అడగడం వచ్చిందండీ. అంతే!"

*

సెలవులైపోయి బడి తెరిచిన వారం. నాలుగు దాటాక ఇందూ, మహితా ఇంటి గుమ్మంలోకి వచ్చారు. ఇద్దరి గౌన్లూ తడిసి ఉన్నాయి. ఇందూ ఒక కాలికి మహిత చెప్పు, మహిత ఒక కాలికి ఇందూ చెప్పు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, బుగ్గలు ఉబ్బించి నవ్వు ఆపుకుంటున్నారు.

"ఏమైందే?" అంది సత్యవేణి గాభరాగా. "ఎక్కడ తడిశారు? పడ్డారా? ఎవరన్నా తోశారా?"

మహిత రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇందూ చాలాసేపు ఆలోచించింది.

"చెప్పను," అంది.

"అమ్మక్కూడానా?"

ఇందూ మళ్ళీ ఆలోచించింది. కష్టమైన లెక్క చేస్తున్నట్టు కనుబొమలు ముడిచింది. "అమ్మక్కూడా."

ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ పెరట్లోకి పారిపోయారు. బావి పక్కనుంచి విరగబడి నవ్వులు వినిపించాయి. సత్యవేణి వాళ్ళ వెనక నాలుగడుగులు వేసింది. పెరటి తలుపు దగ్గర ఆగింది. కాసేపు అలా నిలబడి, తలుపు దగ్గరగా వేసి వెనక్కి వచ్చేసింది.

ఆటో ఆపి వీరబాబు లోపలికి వచ్చాడు. "ఏంటే సత్యా, పిల్లలు అలా నవ్వుతున్నారు? ఏం జరిగింది?"

"నాకు తెలీదండీ," అంది సత్యవేణి, ఇంటింటికీ వెళ్ళి శుభవార్త చెప్పే మనిషి గొంతుతో.